గింజ, ముడి నూనె, శుద్ధి నూనె: సుంకాల పట్టికలో రాయలసీమ వేరుశనగ

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:

• కస్టమ్స్ సుంకాల పట్టికలో నూనెగింజలు, ముడి నూనె, శుద్ధి చేసిన నూనె వేర్వేరు వర్గాలుగా ఎందుకు ఉంటాయో వివరించగలుగుతారు.
• 1892 నాటి ఫ్రెంచి టారిఫ్‌కూ, కర్నూలు, కడప జిల్లాల వేరుశనగ వ్యాపారానికీ ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
• 1994 తరువాత మన దేశంలో వంట నూనెల సుంకాలు మారిన తీరును చర్చించగలుగుతారు.
• సుంకం స్థాయికీ, సుంకాల అంతరానికీ మధ్య తేడా ఏమిటో, ఏది ఎవరికి మేలు చేస్తుందో విశ్లేషించగలుగుతారు.

9.1 పరిచయం

కర్నూలు మార్కెట్ యార్డులో వేరుశనగ ధర పడిపోయినప్పుడు రైతు దానికి కారణాలు దగ్గర్లోనే వెతుకుతాడు. వాన, తెగులు, దళారి, మిల్లు యజమాని: వీటిలో ఏదో ఒకటి కారణమని అనుకుంటాడు. చాలాసార్లు అది నిజమే. అయితే మరో కారణం రైతు కంటికి కనిపించని చోట ఉంటుంది. అది విదేశాల నుంచి వచ్చే నూనె మీద ఎంత సుంకం వేయాలో చెప్పే పట్టిక. ఆ పట్టికలో ఒక నూనె ఏ వరుసలో పడుతుందన్న ప్రశ్ననే సుంకాల వర్గీకరణ అంటారు.

ఇది గుమాస్తాల పనిగా, చరిత్రకు సంబంధం లేని విషయంగా కనిపించవచ్చు. కానీ ఆర్థిక చరిత్ర విద్యార్థి దీన్ని నిర్లక్ష్యం చేయరాదు. గింజకు ఒక సుంకం, నూనెకు మరో సుంకం వేసినప్పుడు, మిల్లు ఎక్కడ నిలవాలి, కూలి ఎవరికి దక్కాలి, చెక్క ఏ దేశపు పొలానికి చేరాలి అన్న విషయాలు కూడా చాలావరకు నిర్ణయమైపోతాయి. ఈ భాగంలో ఈ విషయాన్ని పాత కర్నూలు, కడప జిల్లాల అనుభవం ఆధారంగా పరిశీలిద్దాం.

9.2 సుంకాల పట్టికను చదవడం ఎలా?

నేడు ప్రపంచంలో 200కు పైగా దేశాలు, ఆర్థిక ప్రాంతాలు సరుకుల వర్గీకరణకు ఒకే పద్ధతిని అనుసరిస్తున్నాయి. దీనికి హార్మొనైజ్డ్ సిస్టమ్ అని పేరు. 1983లో బ్రసెల్స్ నగరంలో కుదిరిన ఒప్పందం ద్వారా ఇది రూపొంది, 1988 జనవరి 1 నుంచి అంతర్జాతీయంగా అమలులోకి వచ్చింది. మన దేశంలో 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం అంతకుముందున్న బ్రసెల్స్ వర్గీకరణ ఆధారంగా తయారైంది. 1986 ఫిబ్రవరి నుంచి దాన్ని కొత్త పద్ధతికి మార్చారు.

ఈ పద్ధతిలో ప్రతి సరుకుకూ ఒక అంకెల గుర్తు ఉంటుంది. మొదటి రెండంకెలు అధ్యాయాన్ని, నాలుగంకెలు శీర్షికను, ఆరంకెలు ఉపశీర్షికను తెలుపుతాయి. ఆరంకెల వరకు అన్ని దేశాల్లోనూ ఒకే గుర్తు ఉంటుంది. ఆ తరువాతి అంకెలు ఆయా దేశాలు తమ అవసరాన్ని బట్టి చేర్చుకున్నవి. మన దేశంలో మొత్తం ఎనిమిది అంకెలు వాడతారు.

ఇప్పుడు ఒక వేరుశనగ బస్తాను ఈ పట్టికలో గుర్తించండి. కాయలుగా ఉన్నా, పప్పుగా ఉన్నా అది 12వ అధ్యాయంలోని 1202 శీర్షిక కిందికి వస్తుంది. గానుగ ఆడించి నూనె తీస్తే ఆ నూనె 15వ అధ్యాయంలోని 1508 శీర్షికకు మారుతుంది. అందులోనూ ముడి నూనె 1508.10, తక్కినది 1508.90. నూనె తీయగా మిగిలిన చెక్క 23వ అధ్యాయంలోని 2305 శీర్షికకు చేరుతుంది. నూనెను హైడ్రోజన్‌తో గడ్డకట్టించి వనస్పతిగా మారిస్తే అది 1516 శీర్షికలో పడుతుంది. అంటే ఒకే పంట, దాని మీద జరిగిన పనిని బట్టి, పట్టికలో చోటు మారుస్తూ పోతుంది.

వీటిలో ముడి నూనె అన్న మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. వాడుకలో ముడి సరుకు అంటే నేరుగా వాడటానికి పనికిరానిదని అర్థం. కస్టమ్స్ భాషలో అలా కాదు. గింజను నొక్కి తీసిన నూనెను తేర్చడం, వడకట్టడం, యంత్రంతో తిప్పి మడ్డిని వేరుచేయడం వంటి పనులు మాత్రమే చేస్తే, అది ముడి నూనెగానే లెక్కకు వస్తుంది. క్షారంతో ఆమ్లాలను తొలగించడం, మట్టితోనో బొగ్గుతోనో రంగు తీయడం, ఆవిరితో వాసన పోగొట్టడం వంటి పనులు చేసినప్పుడే అది శుద్ధి చేసిన నూనె అవుతుంది. ఈ లెక్కన మన పల్లెల్లో గానుగ నుంచి నేరుగా వంటింటికి వచ్చే వేరుశనగ నూనె, ఎంత కమ్మగా ఉన్నా, పట్టిక ప్రకారం ముడి నూనే. కాబట్టి ముడి అనే మాట నాణ్యతను చెప్పదు. ఎంత పని జరిగిందో చెబుతుంది.

పామాయిల్ విషయంలో ఈ గీతను మరింత కచ్చితంగా గీయవలసి వచ్చింది. 1511.10 ముడి పామాయిల్, 1511.90 శుద్ధి చేసినవి. సహజంగా పామాయిల్ ఎర్రగా ఉంటుంది. ఆ రంగుకు కెరోటినాయిడ్లు కారణం. శుద్ధి చేస్తే రంగు, ఆమ్లత రెండూ తగ్గుతాయి. పాక్షికంగా శుద్ధి చేసిన నూనెను ముడి నూనె పేరుతో తక్కువ సుంకానికి దిగుమతి చేసుకోకుండా, తక్కువ సుంకం పొందాలంటే ఆమ్ల విలువ 2 శాతం, అంతకంటే ఎక్కువ ఉండాలని, కెరోటినాయిడ్లు కిలోకు 500 నుంచి 2,500 మిల్లీగ్రాముల మధ్య ఉండాలని ప్రభుత్వం నోటిఫికేషన్లలో షరతు పెట్టింది. ఓడలోని నూనెది ఏ వర్గమో ఈ విధంగా ప్రయోగశాల పరీక్ష తేలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) గానుగలో తీసి, గుడ్డతో వడకట్టిన వేరుశనగ నూనె ఏ ఉపశీర్షిక కిందికి వస్తుంది? ఎందుకు?
ఆ) చెక్కకు నూనెతో సంబంధం లేకుండా వేరే శీర్షిక ఉండటం వల్ల ప్రభుత్వానికి ఏ వీలు కలుగుతుంది?

9.3 కరువు సీమలోకి వేరుశనగ

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ప్రాంతాలు దత్త మండలాలుగా పేరుపొందాయి. కడప వాటిలో ఒకటి. కర్నూలు నవాబు రాజ్యాన్ని కంపెనీ 1839లో స్వాధీనం చేసుకుంది. 1928లో నంద్యాలలో జరిగిన సభలో రాయలసీమ అన్న పేరు ముందుకు వచ్చింది. ఈ ప్రాంతంలో వర్షపాతం ఏటా 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అది కూడా నమ్మదగినది కాదు. 1876–78 మహా కరువు ఈ జిల్లాలను తీవ్రంగా దెబ్బతీసింది. 1860ల నాటి కర్నూలు–కడప కాలువ కొంత మేరకు నీరిచ్చినా, ఎక్కువ భూములు వానమీదే ఆధారపడ్డాయి.

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన వేరుశనగ ఇటువంటి నేలకు సరిపోయింది. ఎర్రనేలలో తక్కువ తేమతో పండుతుంది. మూడు నాలుగు నెలల్లో చేతికి వస్తుంది. కట్టె పశువులకు మేత. మద్రాసు రాజధానిలో మొదట దక్షిణ ఆర్కాటు ప్రాంతంలో ఇది ఎగుమతి పంటగా స్థిరపడి, పుదుచ్చేరి, కడలూరు రేవుల నుంచి ఫ్రాన్స్‌కు వెళ్లేది. 1871 నాటికి మద్రాసు నుంచి కడప, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు వరకు రైలుమార్గం పూర్తయింది. దానితో లోపలి జిల్లాల పంట రేవుకు చేరే దారి ఏర్పడింది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో వేరుశనగ దత్త మండలాల్లో వేగంగా విస్తరించింది. జొన్న, కొర్ర పండించిన చేలలో కొంత భాగం అమ్ముకునే పంటకు మళ్లింది. రైతుకు నగదు చేతికి వచ్చింది. దానితో పాటు దూరదేశపు ధరల మీద ఆధారపడటం కూడా వచ్చింది.

9.4 మార్సెయిల్స్ మిల్లులు, 1892 టారిఫ్

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. గాండ్ల కులస్థులు తరతరాలుగా గానుగ ఆడిస్తున్న ఈ సీమ నుంచి నూనె ఎందుకు ఎగుమతి కాలేదు? గింజ మాత్రమే ఎందుకు వెళ్లింది?

దీనికి సాంకేతిక కారణాలున్నాయి. పీపాల్లో, డబ్బాల్లో నూనె కారిపోతుంది. నెలల ప్రయాణంలో చెడిపోతుంది. గింజను సంచుల్లో నింపి పంపడం తేలిక. మార్సెయిల్స్‌లో ఆవిరి యంత్రాలతో నడిచే పెద్ద మిల్లులు ఉండేవి. మొదటి నొక్కుడులో వచ్చిన మేలురకం నూనె భోజనానికి, తరువాతి నూనె సబ్బులకు, చెక్క పశువుల దాణాకు, ఎరువుకు వాడేవారు.

కాని సాంకేతిక కారణాలే మొత్తం కథ కాదు. 1892లో ఫ్రాన్స్ కొత్త రక్షణ సుంకాలను అమలు చేసింది. వ్యవసాయదారుల పక్షాన నిలిచిన జూల్ మెలిన్ పేరుతో ఇది మెలిన్ టారిఫ్‌గా ప్రసిద్ధి పొందింది. నూనెగింజల మీద కూడా సుంకం వేయాలని ఉత్తర ఫ్రాన్స్‌లో ఆవజాతి గింజలు పండించేవారు కోరారు. వద్దని మార్సెయిల్స్ మిల్లుదారులు పట్టుబట్టారు. చివరికి మిల్లుదారుల మాటే నెగ్గింది. నూనెగింజలు సుంకం లేకుండా వచ్చేవి. నూనె మీద మాత్రం సుంకం ఉండేది.

పట్టికలోని రెండు వరుసల మధ్య ఈ తేడా ఫలితం ఏమిటో ఆలోచించండి. 100 కిలోల కాయలు కొడితే సుమారు 70 కిలోల పప్పు వస్తుంది. ఆ పప్పును ఆడిస్తే దాదాపు 28 కిలోల నూనె, 40 కిలోల చెక్క వస్తాయి. పప్పుగా ఎగుమతి చేస్తే నూనెతో పాటు ఆడించే కూలి, మిల్లు లాభం, చెక్క అన్నీ బయటికి పోతాయి. నూనెగా ఎగుమతి చేయాలంటే సుంకం గోడ అడ్డం. ముడిసరుకు మీద తక్కువ, తయారైన సరుకు మీద ఎక్కువ వేసే ఈ పద్ధతిని మెట్ల సుంకం అనవచ్చు. పని జరిగే కొద్దీ సుంకం మెట్టు ఎక్కుతుంది. మెట్ల సుంకం ఉన్నచోట పేద దేశం ముడిసరుకు దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంటుంది.

చెక్క ఎగుమతి కావడం నేలకు కూడా నష్టమేనని ఆనాడే గుర్తించినవారున్నారు. భారత వ్యవసాయాన్ని పరిశీలించిన వోల్కర్ 1893 నాటి తన నివేదికలో, గింజను మొత్తంగా ఎగుమతి చేయడం నేల సారాన్ని ఎగుమతి చేయడంతో సమానమన్న అభిప్రాయం వెలిబుచ్చాడు. ఎగుమతులను అరికట్టాలన్న వాదన తరువాత కూడా కొనసాగింది. 1928లో నివేదిక ఇచ్చిన వ్యవసాయ రాయల్ కమిషన్ దానికి అంగీకరించలేదు. ఎగుమతిని అడ్డుకుంటే గింజ ధర పడిపోయి రైతు నష్టపోతాడన్నది అందుకు ప్రధాన కారణం. ఈ వాదనలోని చిక్కును గమనించండి: మిల్లుకు మేలు చేసే విధానం రైతుకు కీడు చేయవచ్చు. ఈ చిక్కు నేటికీ తీరలేదు.

9.5 స్వాతంత్ర్యం తరువాత: ఎగుమతి నుంచి దిగుమతికి

స్వాతంత్ర్యం నాటికి పరిస్థితి మారసాగింది. వనస్పతి పరిశ్రమ వేరుశనగ నూనెకు పెద్ద స్వదేశీ గిరాకీని సృష్టించింది. 1937లో మార్కెట్లోకి వచ్చిన డాల్డా పేరు ఇంటింటి మాటగా మారింది. ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు వంటి పట్టణాల్లో నూనె మిల్లులు నడిచాయి. జనాభా పెరిగింది, వాడకం పెరిగింది, పంట మాత్రం వాననే నమ్ముకుంది. ఒకప్పుడు గింజలు ఎగుమతి చేసిన దేశం 1970లలో నూనె దిగుమతిదారుగా మారింది.

అప్పట్లో దిగుమతి స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ చేతిలో ఉండేది. దిగుమతి అయిన పామోలిన్ చౌకధరల దుకాణాల ద్వారా ప్రజలకు చేరేది. ఎంత నూనె రావాలో ప్రభుత్వమే నిర్ణయించేది కాబట్టి, ఆ రోజుల్లో సుంకం రేటుకు నేడున్న ప్రాధాన్యం లేదు.

1986లో కేంద్రం నూనెగింజల సాంకేతిక మిషన్‌ను ప్రారంభించింది. దీనికి సారథ్యం వహించిన శాస్త్రవేత్త డాక్టర్ ఎం.వి. రావు తరువాత రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా కూడా పనిచేశారు. మేలైన విత్తనం, మద్దతు ధర, సేకరణ, దిగుమతుల నియంత్రణ: ఇవన్నీ కలిసి పనిచేశాయి. దేశంలో నూనెగింజల ఉత్పత్తి 1985–86లో సుమారు 108 లక్షల టన్నులు ఉండగా, 1993–94 నాటికి సుమారు 215 లక్షల టన్నులకు పెరిగింది. కర్నూలు, కడప జిల్లాల నల్లరేగళ్లలో పొద్దుతిరుగుడు విస్తరించింది కూడా ఈ కాలంలోనే. 1990ల తొలి సంవత్సరాల్లో నూనె దిగుమతి నామమాత్రంగా మిగిలింది.

9.6 1994: తలుపులు తెరుచుకోవడం

1994 ఏప్రిల్‌లో పామోలిన్ దిగుమతిని 65 శాతం సుంకంతో ప్రైవేటు వ్యాపారులకు అనుమతించారు. 1995 మార్చిలో చాలా వంట నూనెలకు ఈ సౌకర్యాన్ని విస్తరించి, సుంకాన్ని 30 శాతానికి తగ్గించారు. 1996లో అది 20 శాతానికి, 1998లో 15 శాతానికి దిగింది. ప్రభుత్వం పరిమాణాన్ని నిర్ణయించే కాలం ముగిసింది. ఆ పని ఇక సుంకం చేయవలసి వచ్చింది.

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలో ప్రతి దేశమూ ఫలానా హద్దు దాటి సుంకం వేయబోమని మాట ఇచ్చింది. మన దేశం పామాయిల్‌కు 300 శాతం, సోయా నూనెకు 45 శాతం హద్దుగా ఒప్పుకుంది. వర్గీకరణ ప్రాముఖ్యం ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది. వంటింట్లో ఒకదానికి బదులు మరొకటి వాడుకోగలిగిన రెండు నూనెలు వేర్వేరు శీర్షికల్లో ఉన్నందువల్ల, ఒకదాని మీద ప్రభుత్వానికి విస్తారమైన స్వేచ్ఛ ఉంది, మరొకదాని మీద లేదు.

చౌక నూనె వల్ల వినియోగదారులకు, ముఖ్యంగా పేద కుటుంబాలకు మేలు జరిగిందన్నది కాదనలేని విషయం. రైతుకు మాత్రం పోటీ పెరిగింది. కర్నూలు నల్లరేగళ్లలో పొద్దుతిరుగుడు తగ్గి శనగ పంట పెరిగింది. ఎర్రనేలల్లో వేరుశనగ విస్తీర్ణం కూడా క్రమంగా తగ్గుతూ వచ్చింది. దీనికంతటికీ దిగుమతులే కారణమనడం సరికాదు. వరుస కరువులు, తెగుళ్లు, విత్తనం ఖర్చు, కూలి రేట్లు, శనగకు వచ్చిన మంచి రకాలు కూడా కారణాలే. కాని నూనె ధర పెరిగితే ఈ కష్టాలను తట్టుకోవచ్చన్న ఆశను చౌక దిగుమతులు బలహీనపరిచాయి.

9.7 సుంకం స్థాయి, సుంకాల అంతరం

ఈ పాఠంలోని ముఖ్యాంశం ఇదే. దిగుమతి సుంకంలో రెండు వేర్వేరు అంశాలున్నాయి. మొదటిది స్థాయి, అంటే ముడి నూనె మీద ఎంత సుంకం ఉంది అన్నది. రెండోది అంతరం, అంటే ముడి నూనె కంటే శుద్ధి నూనె మీద ఎంత ఎక్కువ ఉంది అన్నది. కింది పట్టిక చూడండి.

| కాలం | ముడి నూనె (శాతం) | శుద్ధి నూనె (శాతం) | అంతరం |
|---|---|---|---|
| 2008 ఏప్రిల్ | 0 | 7.5 | 7.5 |
| 2014 జనవరి | 2.5 | 10 | 7.5 |
| 2015 సెప్టెంబరు | 12.5 | 20 | 7.5 |
| 2018 మార్చి (పామాయిల్) | 44 | 54 | 10 |
| 2024 సెప్టెంబరు | 27.5 | 35.75 | 8.25 |
| 2025 మే 31 | 16.5 | 35.75 | 19.25 |

మొదటి నాలుగు వరుసలు మూల సుంకాలు. చివరి రెండు వరుసలు పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలకు సెస్సు, సర్‌ఛార్జి కలిపిన మొత్తాలు. ఉదాహరణకు 2024 సెప్టెంబరులో ముడి నూనె మీద మూల సుంకం 20, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు 5, ఈ రెండింటి మొత్తం మీద పదోవంతు సామాజిక సంక్షేమ సర్‌ఛార్జి 2.5, వెరసి 27.5 శాతం. శుద్ధి నూనె మీద మూల సుంకం 32.5, సర్‌ఛార్జి 3.25, వెరసి 35.75 శాతం.

ఇప్పుడు 2024, 2025 వరుసలను పోల్చండి. లెక్క తేలిక కోసం రెండు రకాల నూనె కూడా టన్ను 1,00,000 రూపాయలకు రేవుకు చేరిందనుకుందాం. 2024 సుంకంతో ముడి నూనె 1,27,500 అవుతుంది, 2025 సుంకంతో 1,16,500 అవుతుంది. శుద్ధి నూనె మాత్రం రెండుసార్లూ 1,35,750. శుద్ధి కర్మాగారానికి దక్కే రక్షణ 8,250 నుంచి 19,250 రూపాయలకు పెరిగింది. స్వదేశీ గింజతో పోటీపడే ముడి నూనె మాత్రం 11,000 రూపాయలు చౌకైంది. అంతరం పెరిగితే కాకినాడ, కృష్ణపట్నం రేవుల దగ్గరి శుద్ధి కర్మాగారాలకు పని పెరుగుతుంది. స్థాయి తగ్గితే వినియోగదారుడికి ఊరట, పత్తికొండ, రాయచోటి చేలలోని రైతుకు ఒత్తిడి. ఒకే నోటిఫికేషన్ స్వదేశీ పరిశ్రమకు రక్షణ అని ఒకరికి, స్వదేశీ రైతుకు దెబ్బ అని మరొకరికి కనిపించడానికి కారణం ఇదే.

మెట్ల సుంకం మన దేశం ఒక్కటే వాడే సాధనం కాదు. 2011లో ఇండోనేషియా తన ఎగుమతి సుంకాలను మార్చి, ముడి పామాయిల్ మీద ఎక్కువ, శుద్ధి నూనె మీద తక్కువ వేసింది. శుద్ధి పని తమ దేశంలోనే జరగాలన్నది దాని ఉద్దేశం. మన 7.5 శాతం అంతరంలోని బలాన్ని అది చాలావరకు హరించింది. 2019లో మలేషియాతో ఉన్న ఒప్పందం వల్ల ఆ దేశపు శుద్ధి పామాయిల్ మీద సుంకం తగ్గి దిగుమతులు పెరిగాయి. 2020 జనవరిలో ప్రభుత్వం శుద్ధి పామాయిల్‌ను నియంత్రిత సరుకుల జాబితాలో చేర్చింది. 2021 జూన్ చివర ఆ నియంత్రణను తాత్కాలికంగా సడలించింది. 1892లో ఫ్రాన్స్ వాడిన సాధనాన్నే నేడు ఎగుమతి చేసే దేశమూ, దిగుమతి చేసుకునే దేశమూ ఎదురెదురుగా నిలిచి వాడుతున్నాయి.

ఒక తేడా మాత్రం మరువరాదు. 1892లో గింజ మనది, మిల్లు ఫ్రాన్స్‌ది. నేడు మిల్లు మనది, ముడి నూనె పరాయి దేశాలది. మన వంట నూనె వాడకంలో సగానికి పైగా దిగుమతే. నాడు సుంకాల గీత రాయలసీమ రైతుకు మార్కెట్ ఇచ్చి మిల్లును దూరం చేసింది. నేడు మిల్లును దేశంలో నిలుపుతోంది కాని, దానికి రాయలసీమ గింజ తప్పనిసరి కాకుండా చేసింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
అ) సుంకాల అంతరం పెంచుతూనే రైతుకు నష్టం కలగకుండా ఉండాలంటే స్థాయి విషయంలో ఏమి చేయాలి?
ఆ) మీ ఇంట్లో వాడే నూనె సీసా మీద పేరు చూసి, అది ఏ శీర్షిక కిందికి వస్తుందో చెప్పండి.

9.8 సారాంశం

సుంకాల వర్గీకరణ సరుకు పేరును మాత్రమే కాక, దాని మీద జరిగిన పనిని కూడా నమోదు చేస్తుంది. గింజ, ముడి నూనె, శుద్ధి నూనె మధ్య గీసిన గీతలు పని ఎక్కడ జరగాలో ప్రభావితం చేస్తాయి. 1892 నాటి ఫ్రెంచి టారిఫ్ భారతీయ గింజను స్వాగతించి నూనెను అడ్డుకుంది. కర్నూలు, కడప జిల్లాలు వేరుశనగ పండించే జిల్లాలుగా ఎదిగినా, ఆ పంట మీద వచ్చే తరువాతి ఆదాయం చాలావరకు బయటికి పోయింది. 1986–94 మధ్య దిగుమతుల నియంత్రణ, సాంకేతిక మిషన్ కలిసి దేశాన్ని స్వయంసమృద్ధికి చేరువ చేశాయి. 1994 తరువాత సుంకమే ప్రధాన సాధనమైంది. సుంకం స్థాయి రైతుకు, వినియోగదారుడికి సంబంధించినది. అంతరం శుద్ధి పరిశ్రమకు సంబంధించినది. స్వదేశీ రక్షణ అన్న మాట విన్నప్పుడు, రెండింటిలో ఏది మారిందో, దానివల్ల రక్షణ ఎవరికి దక్కిందో పరిశీలించడం చరిత్ర విద్యార్థి అలవరచుకోవలసిన పద్ధతి.

9.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. దత్త మండలాల్లో వేరుశనగ విస్తరణకు దారితీసిన కారణాలను, మెలిన్ టారిఫ్ ప్రభావాన్ని వివరించండి.
2. 1994 నుంచి 2025 వరకు వంట నూనెల సుంకాల్లో వచ్చిన మార్పులు రైతు, శుద్ధి పరిశ్రమ, వినియోగదారుడు అనే మూడు వర్గాలపై చూపిన ప్రభావాన్ని చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కస్టమ్స్ పరిభాషలో ముడి నూనె
2. మెట్ల సుంకం
3. నూనెగింజల సాంకేతిక మిషన్